లాగిన్ తెర వెనుక కాపలా: ఢిల్లీ ఫైళ్ల నుంచి కంప్యూటర్ల దాకా



మయసభ కథ మీకు తెలిసిందే. ఇంద్రప్రస్థంలో మయుడు పాండవుల కోసం కట్టిన ఆ సభలో దుర్యోధనుడు నేలను చూసి నీళ్లనుకున్నాడు, నీళ్లను చూసి నేల అనుకున్నాడు. తెరిచి ఉన్న ద్వారమనుకొని వెళ్లి గోడకు తల కొట్టుకున్నాడు. ఆ ఇంద్రప్రస్థం నేటి ఢిల్లీలోని పురానా ఖిలా ప్రాంతమేనని ఒక నమ్మకం. 2023 ఆగస్టులో అదే ఢిల్లీలో ‘మాయ’ అనే పేరు పత్రికలకెక్కింది. ఈసారి అది సభ పేరు కాదు, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పేరు. సౌత్ బ్లాక్‌లో ఇంటర్నెట్‌తో కలిసి ఉన్న రక్షణ మంత్రిత్వ శాఖ కంప్యూటర్లలో విండోస్‌ను తీసివేసి, ఉబుంటు లినక్స్ ఆధారంగా మన దేశంలోనే తయారైన ‘మాయ’ను పెట్టబోతున్నారని ఆ వార్తల సారాంశం.

కంప్యూటర్ వేయగానే మీకు మొదట కనిపించేది ఏమిటి? ఒక తెర. అందులో మీ పేరు, దాని కింద పాస్‌వర్డ్ కోసం ఒక గడి. దీన్ని లాగిన్ తెర అంటాం. ఆ తెరను చూపించే ప్రోగ్రాంను లాగిన్ మేనేజర్ లేదా డిస్‌ప్లే మేనేజర్ అంటారు. అది ద్వారపాలకుడి వంటిది. మిమ్మల్ని ఎవరని అడుగుతుంది, సరైన వారైతే లోపలికి పంపుతుంది. మరి ఆ ద్వారపాలకుడే మోసపోతే? అతని చేతిలోని తాళపుచెవుల గుత్తి వేరొకరి చేతికి చిక్కితే? ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే. దీనికి జవాబు వెతుక్కుంటూ మనుషులు దాదాపు వందేళ్ల దూరం ప్రయాణించారు. ఆ ప్రయాణం ఢిల్లీలోని కాగితపు ఫైళ్ల దగ్గర మొదలుపెడదాం.

ఫైలు మీది ముద్ర

1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించారు. రైసినా కొండ మీద హెర్బర్ట్ బేకర్ రూపకల్పనలో నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ లేచాయి. 1931లో కొత్త ఢిల్లీ ప్రారంభమైంది. ఈ నిర్మాణం సాగుతుండగానే 1923లో అధికార రహస్యాల చట్టం వచ్చింది. భవనాలకు గోడలు ఎంత అవసరమో, లోపలి కాగితాలకు కట్టుబాట్లు అంత అవసరమని నాటి ప్రభుత్వం భావించింది.

స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ పద్ధతి కొనసాగింది. ప్రభుత్వ పత్రాలను రహస్య స్థాయిని బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. టాప్ సీక్రెట్, సీక్రెట్, కాన్ఫిడెన్షియల్, రిస్ట్రిక్టెడ్ అన్నవి ఆ తరగతులు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ఒక ఫైలు ఎవరి బల్ల మీద ఉందో వారికి దాని మీద పూర్తి హక్కు ఉండదు. ‘ఈ ఫైలు నా దగ్గరే ఉంది కాబట్టి నా స్నేహితుడికి చూపిస్తాను’ అనే వీలు గుమాస్తాకు గాని, అధికారికి గాని లేదు. ఫైలు మీద పడిన ముద్ర ఒకవైపు, చూసే వ్యక్తికి ఇచ్చిన అనుమతి స్థాయి మరొకవైపు. ఈ రెండూ సరిపోతేనే చూడాలి. నిర్ణయం ఫైలు పట్టుకున్న వ్యక్తిది కాదు, నియమానిది.

అయితే కాగితం మీది నియమాన్ని అమలు చేయవలసింది మళ్లీ మనుషులే. 1985 జనవరిలో ఢిల్లీలో బయటపడిన గూఢచర్యం కేసు ఈ బలహీనతను దేశానికి చూపించింది. ప్రధానమంత్రి సచివాలయం వంటి అత్యున్నత కార్యాలయాల్లో పనిచేసే కొందరు చిన్న ఉద్యోగులు రహస్య పత్రాలను బయటికి చేరవేశారు. వాటికి నకళ్లు తీయించి, అసలు కాగితాలను తిరిగి వాటి స్థానంలో పెట్టేవారు. ప్రధానమంత్రి ప్రిన్సిపల్ సెక్రటరీ పి.సి. అలెగ్జాండర్ నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. కేసు పదిహేడేళ్లు నడిచి, 2002లో ఢిల్లీ కోర్టులో శిక్షలు పడ్డాయి. ఆ ఉద్యోగులు తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. వారికి లోపలికి వెళ్లే అనుమతి ఉంది. ఆ అనుమతితోనే పత్రాలు బయటికి వెళ్లాయి.

ప్రవేశం ఇవ్వడం ఒక సమస్య. ప్రవేశించిన తరువాత ఎవరు ఎంతవరకు పోగలరో నిర్ణయించడం మరొక సమస్య. ఈ రెంటి మధ్య తేడాను గుర్తుంచుకుంటే ఇకపై చెప్పేదంతా సులభంగా అర్థమవుతుంది.

పాస్‌వర్డ్ పుట్టుక

మొదటి తరం కంప్యూటర్లను ఒకసారి ఒకరే వాడుకునేవారు. గదికి తాళం వేస్తే చాలు, కంప్యూటర్‌కు రక్షణ దొరికినట్లే. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను ఏకకాలంలో పలువురు వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. దాన్ని టైమ్ షేరింగ్ అన్నారు. పలువురు వాడేటప్పుడు ఎవరి ఫైళ్లు వారివిగా ఉండాలి కదా! అందుకు పాస్‌వర్డ్‌ను ఆశ్రయించారు.

పాస్‌వర్డ్ వచ్చిన కొద్దికాలానికే దాన్ని దాటే ఉపాయమూ వచ్చింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన సమయం చాలక, పాస్‌వర్డ్‌లున్న ఫైలును అచ్చు వేయమని కంప్యూటర్‌నే అడిగాడు. కంప్యూటర్ చెప్పినట్లే చేసింది! 1966లో అదే వ్యవస్థలో ఒక పొరపాటు వల్ల పాస్‌వర్డ్ ఫైలు, రోజువారీ సందేశం ఫైలు తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి. ద్వారపాలకుడి పుస్తకాన్ని ఎవరు చదవవచ్చు అనే విషయం మీద గట్టి నియమం లేకపోవడమే రెండు సంఘటనలకూ మూలం.

1969లో బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ పుట్టింది. అందులో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. ఆ ఫైలును ఎవరు చదవాలి, ఎవరు రాయాలి, ఎవరు నడపాలి అన్నది యజమాని ఇష్టం. దీన్ని డిస్క్రెషనరీ యాక్సెస్ కంట్రోల్ అంటారు. మనం ‘ఐచ్ఛిక నియంత్రణ’ అనుకుందాం. ఇది ఇల్లు వంటిది. ఇంటివారు ఎవరిని పిలిస్తే వారు లోపలికి వస్తారు.

ఇందులో రెండు లోపాలున్నాయి. మీరు నడిపే ప్రతి ప్రోగ్రాంకూ మీకున్న హక్కులన్నీ వస్తాయి. పాటలు వినిపించే ప్రోగ్రాం మీ ఉత్తరాలను కూడా చదవగలదు. అది మంచిదైతే పరవాలేదు. మంచి వేషంలో వచ్చిన చెడ్డదైతే మీ పేరుతోనే మీ ఇల్లు దోస్తుంది. ఇది మొదటి లోపం. రెండవది ఇంకా పెద్దది. యూనిక్స్‌లో ‘రూట్’ అనే సర్వాధికారి ఉంటాడు. అతనికి ఏ తలుపూ అడ్డు కాదు. రూట్ హక్కులతో నడిచే ఒక్క ప్రోగ్రాం మోసపోయినా మొత్తం రాజ్యం పోయినట్లే.

నియమం యజమానికి కూడా

అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ 1972లో ఒక నివేదిక సమర్పించాడు. అందులో ‘రిఫరెన్స్ మానిటర్’ అనే భావన ఉంది. ఎవరు ఏ వస్తువును తాకబోయినా మధ్యలో ఒక కాపలాదారు ఉండాలి. అతనికి మూడు లక్షణాలు కావాలి. ఎవరూ అతన్ని మార్చలేకపోవాలి. అతన్ని తప్పించుకొని పోయే దారి ఉండకూడదు. అతను సరిగా పనిచేస్తున్నాడో లేదో పూర్తిగా పరీక్షించగలిగేంత చిన్నగా ఉండాలి. ఈ మూడింటిలో రెండవదాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. పాఠం చివరికి వచ్చేసరికి దానితో మళ్లీ పని పడుతుంది.

1973లో మైటర్ అనే సంస్థలో డేవిడ్ బెల్, లెనార్డ్ లాపడులా ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చారు. వారి సిద్ధాంతాన్ని రెండు మాటల్లో చెప్పవచ్చు. కింది స్థాయివారు పై స్థాయి పత్రాన్ని చదవరాదు. పై స్థాయివారు కింది స్థాయి పత్రంలో రాయరాదు. మొదటిది మనకు వెంటనే అర్థమవుతుంది. రెండవది ఎందుకు? పై స్థాయి రహస్యం చదివినవాడు, తెలిసో తెలియకో, దాన్ని అందరూ చదివే కాగితంలో రాసేస్తే రహస్యం జారిపోతుంది కదా! 1977లో కెన్నెత్ బిబా దీన్ని తలకిందులు చేసి చూపాడు. రహస్యం కాక, సమాచారం చెడిపోకుండా ఉండడం ముఖ్యమైతే, నమ్మదగని చోటు నుంచి వచ్చినదాన్ని నమ్మదగిన చోటికి రానివ్వరాదని అతని సూత్రం.

ఈ పద్ధతికి మాండేటరీ యాక్సెస్ కంట్రోల్ అని పేరు. మనం ‘నిర్బంధ నియంత్రణ’ అనుకుందాం. ఇందులో నియమం కేంద్రంగా ఒకచోట రాసి ఉంటుంది. ఫైలు యజమాని దాన్ని సడలించలేడు. రూట్ హక్కులతో నడుస్తున్న ప్రోగ్రాం కూడా తనకు గీసిన గీత దాటలేదు. సచివాలయం ఫైలు మీది ముద్ర ఇప్పుడు కంప్యూటర్ లోపలికి వచ్చిందన్న మాట. కాగితం మీది ముద్రను మనిషి నిర్లక్ష్యం చేయవచ్చు. కంప్యూటర్‌లో ముద్రను ప్రతిసారీ సరిచూసేది దాని గుండెకాయ అయిన కెర్నెల్.

అమెరికా రక్షణ శాఖ 1983లో కంప్యూటర్ల భద్రతకు తరగతులు నిర్ణయిస్తూ ఒక పుస్తకం వెలువరించింది. అట్ట రంగును బట్టి దాన్ని ‘ఆరెంజ్ బుక్’ అన్నారు. 1985లో అది సవరణతో మళ్లీ వచ్చింది. అందులో ‘సి’ తరగతికి ఐచ్ఛిక నియంత్రణ చాలు. ‘బి’ తరగతి కావాలంటే నిర్బంధ నియంత్రణ ఉండి తీరాలి.

తెర మీదికి వచ్చిన ద్వారం

ఇంతవరకు లాగిన్ అంటే నల్లని తెర మీద అక్షరాలే. 1984లో ఎం.ఐ.టి.లో ఎక్స్ విండో వ్యవస్థ మొదలైంది. బొమ్మలు, కిటికీలు, మౌస్ వచ్చాయి. 1988లో దానితోపాటు ఎక్స్.డి.ఎం. అనే డిస్‌ప్లే మేనేజర్ వచ్చింది. కంప్యూటర్ ద్వారం బొమ్మల రూపం ధరించడం యూనిక్స్ లోకంలో ఇలా మొదలైంది. తరువాత జి.డి.ఎం., కె.డి.ఎం., లైట్ డి.ఎం. వంటివి వచ్చాయి.

లాగిన్ మేనేజర్ పని పైకి కనిపించేంత చిన్నది కాదు. ఎవరూ లోపలికి రాకముందే అది రూట్ హక్కులతో మేల్కొంటుంది. తెరను, కీబోర్డును స్వాధీనం చేసుకుంటుంది. పాస్‌వర్డ్ తీసుకొని, పామ్ అనే ధ్రువీకరణ వ్యవస్థకు అప్పగిస్తుంది. సరైనదని తేలితే మీ పేరుతో ఒక సెషన్ తెరుస్తుంది. ఆ క్షణంలో రూట్ హక్కులు వదిలి మీ హక్కులు ధరించాలి. మీరు సెలవు తీసుకున్నాక మళ్లీ మొదటికి రావాలి. చిత్రాలు, అక్షరాలు, భాషలు, నేపథ్యం బొమ్మలు ఇలా ఎన్నో ఫైళ్లను అది తాకుతుంది. ఇన్ని పనులు చేసే ప్రోగ్రాంలో తప్పులు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. తప్పులు ఉన్నా నష్టం ఒక హద్దు దాటకుండా చూడాలి. నిర్బంధ నియంత్రణ అక్కర ఇక్కడే వస్తుంది.

రెండు మార్గాలు

2000 డిసెంబరులో అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎస్.ఇ.లినక్స్‌ను మూల సంకేతంతో సహా లోకానికి విడుదల చేసింది. రహస్యాలు దాచే సంస్థ తన పనితనాన్ని బహిరంగంగా పెట్టడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. 2001లో దాన్ని లినక్స్‌లో చేర్చే చర్చ జరిగినప్పుడు లినస్ టోర్వాల్డ్స్ ఒకే పద్ధతికి కట్టుబడలేదు. ఏ భద్రతా పద్ధతినైనా తగిలించుకోగలిగే కొక్కేలు కెర్నెల్‌లో ఉండాలని కోరాడు. ఆ విధంగా లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ అనే చట్రం ఏర్పడింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌లో ఎస్.ఇ.లినక్స్ భాగమైంది.

ఎస్.ఇ.లినక్స్ పద్ధతి ముద్రల పద్ధతి. ప్రతి ఫైలుకూ, నడిచే ప్రతి ప్రోగ్రాంకూ ఒక ముద్ర ఉంటుంది. ఏ ముద్ర గల ప్రోగ్రాం ఏ ముద్ర గల ఫైలుతో ఏం చేయవచ్చో నియమావళి చెబుతుంది. అందులో చెప్పనిదంతా నిషిద్ధం. లాగిన్ మేనేజర్‌కు ఒక ప్రత్యేక ముద్ర ఉంది. నేడు వాడేది జి.డి.ఎం. అయినా మరొకటి అయినా, ఆ ముద్ర పేరులో 1988 నాటి ఎక్స్.డి.ఎం. అనే మాటే నిలిచి ఉంది. ఊరు మారినా ఇంటిపేరు మారనట్లు!

రెండవది యాప్ ఆర్మర్. ఇమ్యునిక్స్ అనే సంస్థ దీన్ని మొదట సబ్‌డొమైన్ పేరుతో రూపొందించింది. 2005లో నావెల్ ఆ సంస్థను కొన్నది. 2007 అక్టోబరులో ఉబుంటులో, 2010లో 2.6.36 కెర్నెల్‌లో ఇది చోటు సంపాదించింది. ఇది ఫైళ్లకు ముద్రలు వేయదు. ప్రతి ప్రోగ్రాంకూ ఒక జాబితా రాస్తుంది. ఫలానా దారిలోని ఫలానా ఫైళ్లు చదవవచ్చు, ఫలానా చోట రాయవచ్చు, ఫలానా ప్రోగ్రాంను నడపవచ్చు అని అందులో ఉంటుంది. రాయడం, చదివి అర్థం చేసుకోవడం తేలిక.

కఠినమైన నియమం వెంటనే అందరికీ నచ్చలేదు. 2004లో ఫెడోరా కోర్ 2 లో ఎస్.ఇ.లినక్స్‌ను మొత్తం వ్యవస్థకు వర్తించే కఠిన నియమావళితో పెట్టి చూశారు. ఇబ్బందులు ఎక్కువై, దాన్ని మామూలుగా ఆపివేసే ఉంచి విడుదల చేశారు. అదే ఏడాది వచ్చిన ఫెడోరా కోర్ 3 లో ప్రమాదం ఎక్కువగా ఉన్న కొన్ని సేవలకే పరిమితమైన నియమావళిని పెట్టారు. అది నిలబడింది. మనుషులు భరించలేని నియమాన్ని మనుషులే ఆపివేస్తారని ఈ అనుభవం నేర్పింది.

అమర్చడం ఎలా?

ఒక కళాశాల ప్రయోగశాలలో మీకు ఈ పని అప్పగించారని అనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు?

మొదట లాగిన్ మేనేజర్‌కు నిజంగా ఏమేం కావాలో తెలుసుకోవాలి. ఊహించి రాయకూడదు. రెండు వ్యవస్థలలోనూ ఇందుకు ఒక పరిశీలన స్థితి ఉంది. ఎస్.ఇ.లినక్స్‌లో దాన్ని పర్మిసివ్ అని, యాప్ ఆర్మర్‌లో కంప్లెయిన్ అని అంటారు. ఈ స్థితిలో కాపలాదారు ఎవరినీ ఆపడు, గీత దాటిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకుంటాడు. కొన్ని రోజులు మామూలుగా వాడండి. లాగిన్ కండి, సెలవు తీసుకోండి, తెరకు తాళం వేయండి, తప్పు పాస్‌వర్డ్ ఇవ్వండి, భాష మార్చండి, కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపండి.

తరువాత ఆ పుస్తకాన్ని చదవాలి. నమోదైన ప్రతి నిరాకరణనూ అనుమతిగా మార్చే పరికరాలు ఉన్నాయి. తొందరలో చాలామంది వాటికే మొత్తం అప్పగిస్తారు. అది దొంగను కూడా బంధువుల జాబితాలో రాసుకోవడమే. ప్రతి వరుసనూ చూసి ‘లాగిన్ మేనేజర్‌కు ఇది ఎందుకు?’ అని అడగాలి. నేపథ్యం బొమ్మ చదవడం సమంజసం. విద్యార్థి ఇంటి డైరెక్టరీలోని ఉత్తరాలు చదవడం సమంజసం కాదు. పాస్‌వర్డ్‌ను సరిచూడడానికి ఒక చిన్న సహాయక ప్రోగ్రాం విడిగా ఉంటుంది. రహస్య ఫైలును తాకే పనిని దానికే వదిలితే పెద్ద ప్రోగ్రాం చేతికి ఆ తాళపుచెవి ఇవ్వనక్కరలేదు.

మూడవది మార్పిడి క్షణం. సెషన్ తెరిచినప్పుడు వాడేవారికి వారి ముద్రే రావాలి, ద్వారపాలకుడి ముద్ర రాకూడదు. ఎస్.ఇ.లినక్స్‌లో ఈ పని పామ్‌లోని ఒక భాగం చేస్తుంది. పామ్ అమరికలో సెషన్ వరుసల మొదట్లో పాత ముద్రను మూసే పంక్తి, చివరివైపు కొత్త ముద్రను తెరిచే పంక్తి ఉండాలి. వరుస తప్పితే ముద్ర తప్పుతుంది.

నాల్గవది, ముద్రలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఇంటి డైరెక్టరీలను కొత్త డిస్కుకు మార్చినప్పుడు పాత ముద్రలు రాకపోవచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ సరైనదైనా తెర ఒకసారి మెరిసి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. ఇలాంటప్పుడు భద్రతను పూర్తిగా ఆపివేయాలనిపిస్తుంది. అది తలనొప్పికి తల తీయించుకోవడం. ఆ డైరెక్టరీలకు సరైన ముద్రలు తిరిగి వేయిస్తే సరిపోతుంది. ఎస్.ఇ.లినక్స్‌ను పూర్తిగా ఆపి ఉంచిన కంప్యూటర్‌లో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కూడా ముందు పరిశీలన స్థితిలో ఉంచి, మొత్తం డిస్కుకు ముద్రలు వేయించాకే అమలు స్థితికి వెళ్లాలి.

చివరిగా అమలు స్థితి. దానికి మారేముందు అక్షరాల తెర ఒకటి రూట్‌గా తెరిచి ఉంచుకోండి. నియమం తప్పుగా రాస్తే మీరే బయట ఉండిపోతారు!

అతిథి కథ

ఇక్కడ ఒక నిజమైన సంఘటన చెప్పుకోవాలి. 2008 అక్టోబరులో వచ్చిన ఉబుంటులో ‘అతిథి సెషన్’ అనే సౌకర్యం పెట్టారు. ఇంటికి వచ్చిన స్నేహితుడు పాస్‌వర్డ్ లేకుండా కాసేపు కంప్యూటర్ వాడుకోవచ్చు. అతను వెళ్లగానే అతని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి. అతిథి ఇంటివారి గదుల్లోకి తొంగిచూడకుండా యాప్ ఆర్మర్ జాబితా ఒకటి ఉండేది. 2011లో ఉబుంటు లైట్ డి.ఎం.కు మారినా ఈ ఏర్పాటు కొనసాగింది.

యాప్ ఆర్మర్ జాబితా అతిథి సెషన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాంకు కట్టి ఉండేది. ఆ ప్రోగ్రాం నుంచి పుట్టిన పిల్ల ప్రోగ్రాంలన్నిటికీ అదే కట్టుబాటు వారసత్వంగా వచ్చేది. 2016 అక్టోబరులో వచ్చిన 16.10 సంచికలో వాడేవారి సెషన్‌ను నడిపే బాధ్యత సిస్టమ్‌డి అనే వ్యవస్థకు మారింది. ఇప్పుడు సెషన్‌లోని ప్రోగ్రాంలకు తల్లి మారింది. కొత్త తల్లికి ఆ కట్టుబాటు లేదు, కాబట్టి పిల్లలకూ లేదు. అతిథిగా వచ్చినవారు ఇతరుల ఇంటి డైరెక్టరీలలోకి వెళ్లగలిగారు. 2017 మేలో ఈ లోపం బయటపడగానే అతిథి సెషన్‌ను ఆపివేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో అతిథి ఖాతాను సృష్టించే స్క్రిప్టులో మరొక లోపం బయటపడింది. దాని వల్ల మామూలు వాడుకరి రూట్ కాగలిగే ప్రమాదం ఏర్పడింది. 2017 అక్టోబరులో ఉబుంటు తిరిగి జి.డి.ఎం.కు మారింది.

విద్యార్థులారా, ఇక్కడ జాబితాలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఎవరూ దాన్ని చెరపలేదు. ముందు వాకిలి దగ్గర కాపలాదారు నిలబడే ఉన్నాడు. పక్కన కొత్త వాకిలి తెరిచారు, అతనికి చెప్పలేదు. ఆండర్సన్ 1972లో చెప్పిన రెండవ లక్షణం గుర్తుందా? కాపలాదారును తప్పించుకొని పోయే దారి ఉండకూడదు. నలభై అయిదేళ్ల తరువాత కూడా ఆ మాటే నిజమైంది. అందుకే నియమం రాయడంతో పని పూర్తికాదు. వ్యవస్థలో ఏ మార్పు చేసినా నియమం ఇంకా పట్టి ఉందో లేదో అతిథి స్థానంలో కూర్చొని పరీక్షించాలి.

మళ్లీ ఢిల్లీకి

మన ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటర్ల వాడకానికి 1976లో ఢిల్లీలో ఏర్పడిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వెన్నెముకగా నిలిచింది. 2007 జనవరిలో సి-డాక్ భారతీయ భాషలతో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. డెబియన్ ఆధారంగా తయారైన ఈ వ్యవస్థలో తెలుగు కూడా ఉంది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు దాడికి గురయ్యాయి. సమాచారాన్ని తెరవడానికి వీలులేకుండా సంకేత లిపిలోకి మార్చే రకం దాడి అది. దూరప్రాంతాల నుంచి వచ్చిన రోగులు పొడవాటి వరుసల్లో నిలబడ్డారు. చీటీలు, రిజిస్టర్లు చేతిరాతకు తిరిగి వెళ్లాయి. దాదాపు రెండు వారాలు ఇబ్బంది తప్పలేదు. అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దెబ్బతిన్నట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నెట్‌వర్క్‌ను సరైన విభాగాలుగా విడదీయకపోవడం కారణమని పేర్కొంది. అంటే లోపలికి వచ్చినవాడు ఒక గదిలో ఆగిపోవలసింది, ఇల్లంతా తిరగగలిగాడు. నెట్‌వర్క్ విభజన వేరు, నిర్బంధ నియంత్రణ వేరు. కాని రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒకటే. శత్రువు ఏదో ఒక రోజు లోపలికి వస్తాడని ముందే అనుకొని, వచ్చినా ఎక్కువ దూరం పోలేనట్లు కట్టుకోవాలి.

2023లో ‘మాయ’ వార్త వచ్చిన నేపథ్యం ఇదే. దానితోపాటు ‘చక్రవ్యూహ్’ అనే రక్షణ వ్యవస్థ కూడా ఉంటుందని వార్తలు తెలిపాయి. ఉబుంటు వంటి బహిరంగ మూల సంకేతం ఎంచుకోవడంలో ఒక లాభం ఉంది. లాగిన్ తెర నుంచి కెర్నెల్ దాకా ప్రతి పంక్తినీ మన ఇంజనీర్లు చదివి చూడగలరు. చదివే ఓపిక, చదివినదాన్ని అర్థం చేసుకునే చదువు మాత్రం మనమే సంపాదించుకోవాలి.

ఇంకొక విషయం చెప్పి ముగిస్తాను. నిర్బంధ నియంత్రణకు కూడా హద్దులున్నాయి. అది ప్రోగ్రాంలను కట్టివేస్తుంది, మనసులను కాదు. తెరను ఫోనుతో ఫొటో తీసే ఉద్యోగిని ఏ కెర్నెలూ ఆపలేదు. 1985 నాటి పాఠం ఇప్పటికీ చెల్లుతుంది. అలాగే నియమం ఎవరు రాస్తారన్న ప్రశ్న కంప్యూటర్ చెప్పగలిగేది కాదు. 1923 నాటి చట్టం దాచమన్నది. 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం, చూపించడమే నియమం, దాచడం మినహాయింపు అన్నది. రెండు చట్టాల మధ్య తగువు వస్తే సమాచార హక్కుదే పైచేయి అని కూడా అందులో రాసి ఉంది. ఏది దాచాలి, ఏది చూపాలి అన్నది ప్రజలు, పార్లమెంటు, న్యాయస్థానాలు తేల్చాలి. తేల్చిన నియమాన్ని తూచా తప్పకుండా అమలు చేయడం వరకే యంత్రం పని.

రేపు మీ కళాశాల ప్రయోగశాలలో లాగిన్ తెర ముందు కూర్చున్నప్పుడు పాస్‌వర్డ్ కొట్టేముందు ఒక్క క్షణం ఆగండి. తెర వెనుక ఉన్న ద్వారపాలకుడి గురించి ఆలోచించండి. జయవిజయులు వైకుంఠ ద్వారం దగ్గర ఉండి కూడా పొరపాటు చేశారు, శాపానికి గురయ్యారు. అంతటివారికే హద్దు తెలియనప్పుడు మనం రాసుకున్న ప్రోగ్రాంకు హద్దు గీయడం తప్పు కాదు, అవసరం.

ఆలోచించండి

1. మీ బడి గ్రంథాలయంలో పుస్తకం అరువు ఇచ్చే పద్ధతి ఐచ్ఛిక నియంత్రణా, నిర్బంధ నియంత్రణా? కారణం చెప్పండి.

2. బెల్, లాపడులా సూత్రం ఆసుపత్రికి సరిపోతుందా, బిబా సూత్రం సరిపోతుందా? రోగి మందుల చీటీని ఉదాహరణగా తీసుకొని వివరించండి.

3. అతిథి సెషన్ లోపంలో నియమం తప్పా, మార్పు చేసిన విధానం తప్పా? మీరైతే ఏ పరీక్ష చేసి దాన్ని ముందే కనిపెట్టేవారు?